కూత

కోడి కూసినా, రైలు కూసినా, చెడుగుడు ఆటగాడు గీత దాటినా తెలుగులో మాట ఒకటే: కూత. 'కూయు' అనే క్రియ నుంచి పుట్టింది. పిలిస్తే వినబడేంత దూరాన్ని కూతవేటు అంటున్నదీ అందుకే.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కూతకెళ్లడమంటే అవతలి జట్టు నేల మీదికి ఒంటరిగా పోయి, గుక్క తిప్పుకోకుండా కూస్తూ ఒకణ్ణి తాకి తిరిగి రావడం. నియమాల పుస్తకంలో కూతకెళ్లేవాడు రైడర్, గడువు 30 సెకన్లు. ఎవరినీ తాకకపోతే కనీసం బాక్ లైన్ దాటి రావాలి. పురుషుల కోర్టులో అది మధ్యగీతకు 3.75 మీటర్ల దూరం. 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక కూడా పత్రికల శీర్షికలు కూతను వదల్లేదు. మంచి పని చేశాయి.

హైస్కూలు పోటీల్లో కాలేజీ జట్టుకు కుర్రాళ్లను ఏరే ఫిజికల్ డైరెక్టర్ కండ చూసి మురిసిపోకూడదు. మూడో కూత, నాలుగో కూత దాకా ఆగి చూడాలి. దమ్ము అప్పుడు తెలుస్తుంది. ఇద్దరు చుట్టుముట్టినప్పుడు కూత తడబడుతోందా, కాలు వెనక్కి ఎటు పడుతోంది అన్నవీ అప్పుడే బయటపడతాయి.

మిరప కోతల రోజుల్లో ఎంపికలు పెడితే చేలో ఉన్న పిల్లవాడు రాలేడు. వాడి కోసం ఇంకో తేదీ ఉండాలి. 2010 నుంచి ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ కూడా ఉంది కాబట్టి, ఆ తేదీన వాడి చెల్లెలినీ పిలవాలి.