పల్నాటి పుల్లరి సత్యాగ్రహము - రాజకీయ ఖైదీల మర్యాద

పల్నాడనిన మనవారికి కారెమపూడి రణరంగమును, నాగులేరును, బ్రహ్మనాయని చాపకూడును మొదట స్మరణకు వచ్చుట సహజము. అయినను ఈ సీమకు 1921, 22 సంవత్సరముల నాటి చరిత్ర మరియొకటి కలదు. అందు అడవి, పశువు, పుల్లరి, తుపాకి అను నాలుగు మాటలును అందరెరిగినవే. అయిదవది కారాగారము. దానిని గూర్చి మనవారు వ్రాసినది స్వల్పము గనుక ఈ సంచికకు మేమా విషయమునే గ్రహించితిమి.

నల్లమల అంచుననున్న మాచెర్ల, గురజాల ప్రాంతముల రైతునకు పశువే ఆస్తి. అడవులు రక్షితారణ్యములైన పిదప మేతకు పుల్లరి అను రుసుము చెల్లింపవలసి వచ్చెను. చెల్లింపలేనివాని పశువులు బందెలదొడ్డికి పోయెడివి. వానలులేని యేట ఆ బాధ చెప్ప నలవికాదు. సహాయనిరాకరణోద్యమము వ్యాపించిన 1921లో పల్నాటి ప్రజలు పుల్లరి చెల్లింపమనిరి. అధికారులను సంఘబహిష్కృతులను గావించిరి. పరిస్థితులను విచారించుటకై గుంటూరు నుండి ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారును, వేదాంతం నరసింహాచార్యులవారును మాచెర్లకు వచ్చిరి. ప్రభుత్వము వారిని నిర్బంధించెను. పంతులుగారికి ఒక సంవత్సరము కారాగారవాసము ప్రాప్తించెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను.

పంతులుగారు డబ్లిన్ నగరమున బారిస్టరు పట్టము పొందినవారు. వారుండిన చెర రాయవెల్లూరు. తెలుగువారికి ఆ పేరు క్రొత్తది కాదు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పులను ఖండించి వ్రాసినందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని శిక్షించి పంపినదియు అచ్చటికే. క్రింది న్యాయస్థానము ఆరుమాసములు విధింపగా పై న్యాయస్థానము మూడు సంవత్సరములు చేసెను. ఎం.ఏ. పట్టభద్రుడైన ఆ పండితుని కాళ్లకు చేతులకు గొలుసులు తగిలించి, మోకాలు దాటని లాగు తొడిగి, తలకు టోపీ పెట్టి, మెడకు కొయ్యపలక వ్రేలాడదీసి, బందిపోట్ల నడుమ నుంచిరి. అన్నమునకును నీటికిని మట్టిచిప్పలే. విడుదలయైన పిదప సైతము ఆయనకు ఆశ్రయమిచ్చుటకు జనులు వెరచిరట! గొలుసులకంటె ఇది కఠినమని మా తలంపు.

ఈ చెరలోనే పంతులుగారు ‘మాలపల్లి’ రచించిరి. నవల యని దానిని కథగా మాత్రమే చదువువారు కలరు. కాని కారాగారమున పేదవాడు పడు పాట్లును, నేరస్థజాతి యని ముద్రవేయబడినవారిని కాపలాలో నుంచు సెటిల్మెంటులోని బ్రతుకును లోకమునకు చూపిన గ్రంథమది. ప్రభుత్వము 1923లో దానిని నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో అనుమతించి 1936లో మరల నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన తరువాత గాని ఆ నిషేధము తొలగలేదు. జైలులోపలి సంగతి బయట పొక్కుట పాలకులకెంత భయంకరమో దీనిచే నూహింపనగును.

“చెరసాల కోరిపోయినవానికి సౌఖ్యమేల?” యని అడుగువారు మన పెద్దలలో ఉన్నారు. న్యాయాధిపతి విధించునది స్వేచ్ఛను హరించుట మాత్రమే. ఆకలియు, దెబ్బలును, అవమానమును తీర్పులో వ్రాయబడవు. ఇది పాశ్చాత్యుల నుండి నేర్చిన నీతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము బందీకి అన్నపానములాపిన అధికారికి 96 పణములు, చావగొట్టినవానికి 1000 పణములు దండుగ విధించుచున్నది. తరగతిలో ఈ ప్రకరణము చెప్పునపుడు మా శిష్యులు నమ్మక గ్రంథము తెప్పించి చూచెడివారు.

లాహోరు చెరలో భగత్‌సింగు, బటుకేశ్వరదత్తుల అనుచరులతో కూడి నిరశనవ్రతము పూనిన జతీంద్రనాథదాసు 63వ దినమున, 1929 సెప్టెంబరు 13న ప్రాణములు విడిచెను. దేశము తల్లడిల్లెను. 1930లో ప్రభుత్వము ఖైదీలను ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా విభజించెను. ఇది విజయమని కొందరు సంతసించిరి. మేమట్లు తలపము. ఆ విభజనకు ఆధారమేది? చదువు, హోదా, అలవాటుపడిన జీవనము. ప్లీడరునకు మంచమును దీపమును పుస్తకములును లభించెను. వానితో కూడ ఉప్పు వండిన రైతు సీ తరగతిలో సామాన్యఖైదీ కూడు తినెను. 1930 ఉద్యమమున రాజమహేంద్రవరము, తిరుచినాపల్లి, కన్ననూరు, బళ్లారి అలీపురము చెరలు నింపిన వారిలో అధికసంఖ్యాకులు ఈ సీ తరగతివారే. జతీంద్రుడు ప్రాణమిచ్చి అడిగినది ఎల్ల రాజకీయ ఖైదీలకు, దొరికినది కొందరికి. అందరు నొకే పంక్తిని కుడువవలెనన్న చాపకూటి సీమవారికి ఈ పంక్తిభేదము మరింత నొప్పి కలిగింపవలదా?

స్వరాజ్యము వచ్చినను ప్రశ్న సమసిపోలేదు. విశాఖపట్టణము కేంద్రకారాగారములోని నక్సలైటు ఖైదీలు గోడపై విద్యుత్తీగెలు అమర్చుటను ప్రశ్నించి సుప్రీంకోర్టు కెక్కిరి. శిక్షితుడైనంత మాత్రమున మనుష్యుడు తన ప్రాథమిక హక్కులన్నింటిని కోల్పోడని 1974లో ఆ న్యాయస్థానము పలికెను. వారి మార్గముతో మాకు ఏకీభావము లేదు. కాని వాదము న్యాయమైనది.

2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు జిల్లా యేర్పడినది. పుల్లరి నాడు చెరకేగిన రైతుల పేర్లు మన యిండ్లలోని పాత కాగితములలో నున్నచో వానిని నకలు వ్రాయించి సంఘకార్యాలయమునకు పంపవలసినదిగా సభ్యమహాశయులను కోరుచున్నాము. ఏ కులమువారి పేరైనను పంపవచ్చును.

ఈ తుదిమాట కేవలము వినయము కొరకు వ్రాసినది కాదు. చీపురును పాయిఖానాపనియు ఒక కులమునకు, వంటపని వేరొక కులమునకు అప్పగించు జైలు నిబంధనలు మొన్నమొన్నటి దాక పలురాష్ట్రముల మాన్యువళ్లలో నిలిచియుండెను. సుకన్యా శాంత అను పాత్రికేయురాలు వీనిపై వ్యాజ్యము వేయగా 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వానిని కొట్టివేసెను, ‘మాలపల్లి’లోని సెటిల్మెంటువాసుల వంటివారిని పుట్టుకచే నేరస్థులుగా నెంచు మాటలను సైతము ఆక్షేపించెను, ఖైదీల రిజిస్టరులలో కులము వ్రాయు గడిని తొలగింప నాజ్ఞాపించెను. కులసంఘపు సంచికలో ఈ సంగతి అచ్చువేయుటకు సంపాదకులు ఆనందముతో నంగీకరించిరి.