ఉష్ణనిరోధక పూతల చరిత్ర: మన్నిక కోసం సాగిన అన్వేషణ

1. పరిచయం

ఇత్తడి గిన్నెకు కళాయి వేయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది కాబట్టి గిన్నె లోపల తగరపు పూత పూస్తారు. ఆ గిన్నెను ఖాళీగా పొయ్యిమీద ఉంచితే కళాయి చెడిపోతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. ఇత్తడి కరగాలంటే సుమారు 900 డిగ్రీలు కావాలి. అంటే, కాపాడవలసిన లోహం కంటే ముందే కాపాడే పూత పాడైపోతుంది.

ఈ సమస్యే పెద్ద యంత్రాలలోనూ ఉంది. పర్ణశాల పరిసరాలలో ఉండేవారికి గోదావరి ఆవలి ఒడ్డున మణుగూరు వైపు ఉన్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం తెలిసినవే. వాటి బాయిలర్ గొట్టాలు, విమాన ఇంజన్లలోని టర్బైన్ రెక్కలు నిరంతరం వేడిలోనే పనిచేయాలి. వాటిపై పూత ఎందుకు రాలిపోతుంది? దాన్ని నిలబెట్టడానికి శాస్త్రజ్ఞులు ఏం చేశారు? ఈ రెండు ప్రశ్నలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. రాలే తుప్పు, నిలిచే పొర

ఇనుప కొడవలికి పట్టిన తుప్పు పెచ్చులుగా రాలుతుంది. అల్యూమినియం గిన్నెపై మాత్రం కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఈ తేడాను వివరించడానికి 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొలమానాన్ని సూచించారు. ఆక్సైడ్ ఘనపరిమాణాన్ని, అది ఏర్పడటానికి ఖర్చయిన లోహపు ఘనపరిమాణంతో పోల్చాలన్నారు. ఆక్సైడ్ తక్కువైతే పొర లోహాన్ని పూర్తిగా కప్పలేదు. మరీ ఎక్కువైతే ఒత్తిడికి పగులుతుంది. ఈ కొలమానం ఒక్కటే సరిపోదని తర్వాత తేలింది. అయినా పొర స్వభావంపై క్రమబద్ధమైన ఆలోచనకు అది దారి చూపింది.

జెట్ ఇంజన్లు వచ్చాక నికెల్ ఆధారిత మిశ్రమలోహాల ప్రాధాన్యం పెరిగింది. వాటి బలం పెంచడానికి క్రోమియం పాలు తగ్గించవలసి వచ్చింది. దానితో క్షయాన్ని తట్టుకొనే శక్తి కూడా తగ్గింది. అందుకే రెక్కలను అల్యూమినియం కలిగిన పొడిలో ఉంచి వేడిచేసే పద్ధతిని చేపట్టారు. అల్యూమినియం లోహపు ఉపరితలంలోకి వ్యాపిస్తుంది. తర్వాత ఇంజన్ వేడికి అక్కడ అల్యూమినా పొర దానంతటదే ఏర్పడుతుంది. పొర ఒకచోట రాలినా, కింద అల్యూమినియం నిల్వ ఉన్నంతకాలం మళ్లీ ఏర్పడుతుంది. ఇక్కడ పూత అంటే కేవలం కప్పు కాదు, రక్షక పొరకు కావలసిన సరుకు నిల్వ అని మీరు గమనించాలి.

3. గంధకం పాత్ర

సీరియం వంటి మూలకాలను అతి స్వల్పంగా కలిపితే వేడిని తట్టుకొనే మిశ్రమలోహాల ఆయుష్షు పెరుగుతుందని 1937 నాటి ఒక బ్రిటిష్ పేటెంట్ తెలిపింది. తర్వాత యిట్రియం కూడా ఇలాగే పనిచేస్తుందని గుర్తించారు. కారణం మాత్రం దశాబ్దాలపాటు వివాదంగానే ఉంది. ఈ మూలకాలు పొరను మేకుల్లా లోహానికి బిగిస్తాయని కొందరు వాదించారు.

1980 దశకంలో కొత్త సాక్ష్యం దొరికింది. లోహంలో పది లక్షల పాళ్లకు కొన్ని పాళ్లు మాత్రమే ఉండే గంధకం, వేడికి పొర అడుగున చేరి పట్టును బలహీనపరుస్తోంది. యిట్రియం ఆ గంధకాన్ని బంధిస్తుంది. లోహం నుంచి గంధకాన్ని బాగా తొలగిస్తే, యిట్రియం లేకున్నా పొర నిలుస్తుందని ప్రయోగాలు చూపాయి. పూత మన్నికను పూత మందం కంటే, కంటికి కనపడని మాలిన్యం ఎక్కువగా నిర్ణయించగలదని దీనివల్ల తెలిసింది.

4. పింగాణీ జాతి పూతలు

ఇంజన్‌లోని వాయువుల ఉష్ణోగ్రత లోహపు ద్రవీభవన స్థానాన్ని మించిపోయాక, రెక్కల లోపల గాలి పంపి చల్లబరచడంతో పాటు పైన వేడిని అడ్డే పొర కూడా అవసరమైంది. 1960 దశకంలో అమెరికా ఎక్స్-15 విమానపు రాకెట్ నాజిల్‌కు జిర్కోనియా పూత వాడారు. 1976లో నాసా పరిశోధకులు ఒక జెట్ ఇంజన్ టర్బైన్ రెక్కలపై ఇటువంటి పూతను పరీక్షించారు. సుమారు 7 శాతం యిట్రియా కలిపిన జిర్కోనియా ఎక్కువ కాలం మన్నుతుందని ఆ దశకం చివరికి తేలింది.

అయితే ఈ పొర గుండా ఆక్సిజన్ సులభంగా లోపలికి వెళుతుంది. అడుగున అల్యూమినా క్రమంగా మందమవుతుంది. ఇంజన్ చల్లారినప్పుడు లోహం ఎక్కువగా, పై పొరలు తక్కువగా కుంచించుకుంటాయి. ఇలా పలుమార్లు జరిగాక పూత ఊడిపోతుంది. కాబట్టి పై పూత ఆయుష్షు దాని కింది బంధక పూతపై ఆధారపడుతుంది.

5. తెలుగు నేలపై కృషి

ఈ పరిజ్ఞానాన్ని దేశాలు సులభంగా పంచుకోవు. 1989లో మంజూరైన కావేరి ఇంజన్ పథకంతో ఈ అవసరం మన దేశంలో మరింత స్పష్టమైంది. 1963లో ఏర్పడిన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల రెక్కల మిశ్రమలోహాలపైనా, ప్లాటినం కలిపిన అల్యూమినైడ్ పూతలపైనా పరిశోధించింది. 1973లో స్థాపించిన మిధాని ప్రత్యేక మిశ్రమలోహాలను తయారుచేస్తోంది. బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థ డిటోనేషన్ స్ప్రే పద్ధతిపై కృషి చేసింది. ఇందులో వాయు మిశ్రమాన్ని గొట్టంలో పేల్చి, పూత పొడిని అతివేగంగా లోహంపైకి చిమ్ముతారు.

బాయిలర్ గొట్టాల సమస్య కొంత వేరు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అందులోని గట్టి రేణువులు గొట్టాలను అరగదీస్తాయి. ఒక్క గొట్టం చిల్లుపడినా మరమ్మతు కోసం యూనిట్‌ను ఆపవలసి రావచ్చు. అందువల్ల అక్కడ క్రోమియం కార్బైడ్, నికెల్-క్రోమియం కలిసిన గట్టి పూతలు ఉపయోగపడతాయి. రెక్కకు నప్పిన పూత గొట్టానికి నప్పాలని లేదు.

6. సారాంశం

కళాయి అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు. ఎగిరే విమానంలో ఆ అవకాశం లేదు. అందుకే ఈ చరిత్రలో ప్రశ్న మారుతూ వచ్చింది. ‘ఏ పదార్థం పూయాలి?’ అన్నదానితో మొదలై, ‘పూసినది ఎందుకు పట్టు వదులుతోంది?’ అన్నదానికి చేరింది. మన్నిక పెరిగింది ఈ రెండో ప్రశ్న వల్లనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అల్యూమినైడ్ పూతను ‘నిల్వ’ అని ఎందుకు అనవచ్చు?
2. గంధకం పాత్రను నిరూపించిన ప్రయోగాన్ని వివరించండి.
3. టర్బైన్ రెక్కల, బాయిలర్ గొట్టాల అవసరాలను పోల్చండి.