నేరేడు రంగు, ఆడవారి ఆరోగ్యం: ఆధారం ఎంతవరకు?

జూన్ వచ్చిందంటే గన్నవరం రోడ్డు పక్కన నేరేడు బుట్టలు కనిపిస్తాయి. వానలు పడ్డాక వాక్కాయలు వస్తాయి, వాటితో ఇళ్ళలో పప్పు, పచ్చడి చేసుకుంటాం. రెండింటి రంగూ ఆంథోసయనిన్లు అనే వర్ణకాలదే. నేరేడులో ఇవి ఎక్కువగా తొక్కలో, తొక్కను ఆనుకున్న గుజ్జులో ఉంటాయి. చీర మీద నేరేడు మరకకు సబ్బు రాస్తే ఊదారంగు నీలంలోకి తిరుగుతుంది. ఇంత తేలిగ్గా మారిపోయే రంగు ఒంట్లోకి వెళ్ళాక ఏ రూపంలో, ఎంత నిలుస్తుందన్నది ముందు తేలాలి.

2013లో వెలువడిన ఒక అధ్యయనంలో కార్బన్-13తో గుర్తుపెట్టిన ఆంథోసయనిన్‌ను 500 మిల్లీగ్రాములు ఇచ్చి, మూత్రంలో, ఊపిరిలో ఎంత తేలిందో కొలిచారు. ఒంటికి పట్టినది సుమారు 12 శాతం. అందులోనూ ఎక్కువ భాగం ముక్కలై రూపు మారినదే. పాల్గొన్నది 8 మంది, అందరూ మగవారే. నెలనెలా హార్మోన్లు మారే ఆడవారికి ఈ లెక్కనే వర్తింపజేయడం నాకు సరిగా తోచదు.

ఇక పీసీఓఎస్ అనే అండాశయ సమస్య సంగతి చూద్దాం. ఎలుకల్లో, ప్రయోగశాల కణాల్లో ఆంథోసయనిన్లకు ఆశాజనకమైన ఫలితాలున్నాయి. మనుషుల దగ్గరికొస్తే ఆధారం పలచన. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏ ఒక్క ఆహార పద్ధతినీ మిగతావాటికంటే మేలైనదిగా చూపలేదు. కాబట్టి ఫలానా పండు అండాశయ తిత్తులను కరిగిస్తుందన్న ప్రచారాన్ని నమ్మి వైద్యం మానుకోకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ల విషయంలో మాత్రం క్రాన్‌బెర్రీకి ఆధారం కాస్త గట్టిగా ఉంది. 50 అధ్యయనాలను కలిపి చూసిన 2023 కొక్రేన్ సమీక్షలో, పదేపదే మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవారికి ఆ ముప్పు నాలుగో వంతు దాకా తగ్గింది. గర్భిణులకు మాత్రం మేలు కనిపించలేదు.

నెలలు నిండుతున్న గర్భిణుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కడుపులోని బిడ్డ గుండె దగ్గర డక్టస్ ఆర్టీరియోసస్ అనే చిన్న రక్తనాళం పుట్టేదాకా తెరిచే ఉండాలి. దాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. చివరి నెలల్లో ఐబుప్రోఫెన్ వద్దనేది వాటిని అడ్డుకుంటుందనే. ఆంథోసయనిన్లు చెందిన పాలీఫినాల్స్ కుటుంబం కూడా అదే దారిలో పనిచేయవచ్చని బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రేలో జీలిన్‌స్కీ బృందం చూపింది. తల్లులు ద్రాక్ష రసం, హెర్బల్ టీల వంటివి తగ్గించాక ఆ నాళంలో రక్తప్రవాహం మెరుగైంది. ఇందులో చాలా భాగం ఒకే బృందం పని. గుప్పెడు నేరేడు పళ్ళు తిన్నందుకు భయపడనక్కర్లేదు. గాఢమైన సారంతో చేసిన క్యాప్సూల్స్ మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవారిలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. నేరేడు తిన్నాక నాలుకను పట్టే వగరు టానిన్లది. అవి ఆహారంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి సరిగా చేరనివ్వవు. ఐరన్ మాత్రకూ నేరేడు పళ్ళకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచడం మంచిది.

ఈ సందేహాలను మన దగ్గరే పరీక్షించవచ్చు. గన్నవరం మండలంలోని చిన్నఅవుటపల్లిలో వైద్య కళాశాల ఉంది. నేరేడు కాపు కొద్ది వారాలదే కనుక, గుజ్జును ఫ్రీజర్‌లో నిలవచేసి, అందులోని ఆంథోసయనిన్ కొలిచి, ఇష్టపడి ముందుకొచ్చిన, గర్భం లేని ఆడవారికి ఆర్నెల్లు ఇచ్చి చూడవచ్చు. మరో జట్టుకు రంగు లేని పండు. రెండు జట్లలోనూ నెలసరి తేదీలు, హిమోగ్లోబిన్, ఇన్సులిన్, అల్ట్రాసౌండ్ నమోదు చేయాలి.