తిమ్మిరి మందుల కథ

నేను వైద్యుడను గాను. పాఠములు చెప్పి, చరిత్ర చదివినవాడను. శస్త్రచికిత్సలో స్పర్శను మాన్పు మందులను గూర్చి నే డించుక ముచ్చటింతును.

మద్యము అలవాటుగల రోగికి శస్త్రకర్మకు ముందు తీక్ష్ణమైన మద్య మీయవలెనని సుశ్రుతసంహితలో గలదు. 1846లో అమెరికాలో ఈథరు ప్రసిద్ధికెక్కిన పిమ్మట రోగిని నిద్రపుచ్చి కోయుట సాధ్యమయ్యెను. కంటివైద్యున కది చాలలేదు. రోగి మేలుకొని, చెప్పినట్లు చూపు నిలుపవలెను. ఈథరువలని వాంతులు కోసిన కంటికి అపాయము.

వియన్నాలో కార్ల్ కోలర్ అను యువవైద్యు డీ చిక్కు విప్పెను. కోకా ఆకులనుండి తీసిన కొకెయిను నాలుకకు తగిలినచో తిమ్మిరి పుట్టునని అప్పటికే తెలియును. కోలర్ దానిని కప్పకంటిలోను, పిదప తన కంటిలోను వేసి పరీక్షించెను. స్పర్శయే లేదు! 1884 సెప్టెంబరు 15న హైడెల్‌బర్గు సభలో ఆ వార్త వెల్లడియయ్యెను. దారిఖర్చులకు లేక కోలర్ పోజాలకపోగా వేరొక వైద్యుడు దానిని చదివెను.

క్షీరసాగరమున అమృతముతోబాటు హాలాహలమును పుట్టినది గదా! న్యూయార్కు శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఈ మందును తనపైనే ప్రయోగించుకొని వ్యసనమునకు లోబడెను. 1905లో వ్యసనము కలిగింపని ప్రొకెయిను, 1943లో స్వీడనున లిడోకెయిను, 1957లో గంటలకొలది నిలుచు బుపివకెయిను వచ్చినవి. ఈ కడపటిది రక్తనాళములోనికి పోయినచో గుండె ఆగవచ్చునని 1979లో ఆల్‌బ్రైట్ అను వైద్యుడు హెచ్చరించెను.

కావుననే వైద్యుడు పనినిబట్టి, మనిషినిబట్టి మందు నేర్పరచును. కొద్దిసేపటి కుట్లకు లిడోకెయిను చాలును. అడ్రినలిను చేర్చినచో రక్తనాళములు ముడుచుకొని మందు అచ్చటనే నిలుచును. అప్పుడు కిలో బరువునకు 4.5 మిల్లీగ్రాముల హద్దు 7 వరకు పెరుగును. చీముపట్టినచోట ఆమ్లగుణముచే మందు సరిగా పారదు; వాచిన పంటికి సూది వేసినను నొప్పి తెలియుట కిదియే హేతువు.

పెద్దలారా! కంటిశుక్లమునకో, పంటికో పోయినపుడు గుండెజబ్బును, వాడుచున్న మందులను, మునుపు సూదిమందు పడకపోయిన సంగతిని దాపక చెప్పుడు. సూది పిదప చెవులలో హోరు, నోట లోహపురుచి, తలతిప్పు తోచినచో ఓర్చుకొని యుండక తత్క్షణమే తెలుపుడు. మందు రక్తమున మించెననుట కవి తొలి గుర్తులు. సకాలమున తెలిసినచో నేడు విరుగుడుగా కొవ్వుద్రావణమును సిరలోని కెక్కించి ప్రాణము నిలుపవచ్చును.