ఇంటి గాలి, పొయ్యి దగ్గరి మనిషి: ఉద్దానం తీరం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుండి సముద్రం వైపు సాగిపోతే భావనపాడు వస్తుంది. అక్కడి నుండి ఉత్తరంగా పలాస, సోంపేట, కవిటి దాకా తీరం వెంబడి వ్యాపించిన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేలను ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే అలా మారిందని చెప్పుకోవడం పరిపాటి. ఈ తీరంలో పాతకాలపు ఇల్లు గాలికి భయపడి కట్టుకొన్న ఇల్లు. గోడ గుండ్రంగా, మట్టితో ఉంటుంది. పైన తాటాకు కప్పు గొడుగులాగా నిలిచి, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. వాకిలి ఒక్కటే, వంగి లోపలికి వెళ్ళాలి. చుట్టిల్లు అని దీనికి పేరు. తుపాను గాలి దీన్ని నిలువుగా ఢీకొనలేక చుట్టూ జారిపోతుంది. ఒక వైపు రంధ్రం గుండా గాలి చొరబడి, బయటికి పోయే దారి లేకపోతే లోపలి ఒత్తిడి కప్పును పైకి లేపుతుందని నేటి ఇంజనీర్లు వివరిస్తారు. ఆ వివరణ తెలియకపోయినా ఆ ఇళ్ళు కట్టినవారికి దాని ఫలితం తెలుసు. అందుకే కిటికీ పెట్టలేదు.

అయితే ఆ ఇంటి లోపలే పొయ్యి ఉంది. కొబ్బరి మట్టలు, డొక్కలు, సరుగుడు పుల్లలు అందులో మండుతాయి. పొగ తాటాకుల సందుల్లోంచి మెల్లగా బయటికి పోవాలి. పోయేదాకా ఇంట్లోనే తిరుగుతుంది. పొగ తగిలిన తాటాకుకు పురుగు పట్టదని, కప్పు ఎక్కువ కాలం నిలుస్తుందని పెద్దలు చెప్పే మాట అబద్ధమేమీ కాదు. పొగ కప్పుకు ఆయుష్షు పోసింది. ఎవరి ఆయుష్షులోంచి తీసి పోసిందనే లెక్క మాత్రం చాలాకాలం ఎవరూ వేయలేదు.

ఈ లెక్క వేయకపోవడం ఉద్దానానికే పరిమితమైన విషయం కాదు. గాలిని గురించి, పొగను గురించి ఎంతో శ్రద్ధగా రాసిన మధ్యయుగ ముస్లిం వైద్యులు, ధర్మశాస్త్రవేత్తలు కూడా ఒక చోట ఆగిపోయారు. వారు ఎంత దూరం వచ్చారో, ఎక్కడ ఆగారో చూడడం అవసరం.

గాలెన్ సంప్రదాయాన్ని స్వీకరించిన అరబ్బీ వైద్యులు ఆరోగ్యాన్ని నిర్ణయించే అనివార్య విషయాలు ఆరని చెప్పారు. అన్నపానాలు, నిద్రామెలకువలు, శ్రమవిశ్రాంతులు, విసర్జన, మనోవికారాలు తక్కిన అయిదు కాగా, గాలిది వాటిలో మొదటి స్థానం. ఇబ్ను సీనా (మరణం 1037) తన ‘అల్ ఖానూన్’లో నివాసం ఎన్నుకొనే పద్ధతిని చర్చిస్తూ, ఇంటి వాకిళ్ళు, కిటికీలు తూర్పుకు, ఉత్తరానికి ఉండాలనీ, తూర్పు గాలి లోపల ప్రవేశించాలనీ, ఎండ ఇంటి మూలమూలకూ అందాలనీ సూచించాడు. హమదాన్, ఇస్ఫహాన్ నగరాలలో జీవించిన ఆయన మనసులో సముద్రం లేదు. ఉద్దానంలో తూర్పు అంటే ప్రాణవాయువూ అదే, ప్రాణాంతకమైన గాలీ అదే.

ఈ సందర్భంలో తరచు ఉదహరించే కథ ఒకటి ఉన్నది. బాగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంపిక చేయమంటే అర్రాజీ నగరంలోని వేర్వేరు చోట్ల మాంసపు ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళిందో అక్కడే కట్టమన్నాడట. కథ ముచ్చటగా ఉంది గాని, అది చెప్పే ఆసుపత్రి అదుదుద్దౌలా నిర్మించినది, 982లో ప్రారంభమైనది. అర్రాజీ 925లోనే మరణించాడు. కథను నమోదు చేసిన 13వ శతాబ్ది చరిత్రకారుడు ఇబ్ను అబీ ఉసైబియా తానే ఈ కాలభేదాన్ని గుర్తించాడు. ఆయన తరువాతి వారిలో చాలామంది కథను ఉంచుకొని సందేహాన్ని వదిలేశారు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇబ్ను రిద్వాన్‌ది. 11వ శతాబ్దికి చెందిన ఈ ఈజిప్టు వైద్యుడు గీజాలో ఒక రొట్టెలు కాల్చేవాని ఇంట పుట్టాడు. ఈజిప్టును చూడకుండానే ఆ దేశపు గాలిని గురించి రాసిన ఖైరవాన్ వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్‌కు సమాధానంగా ఆయన ఒక గ్రంథం రాశాడు. అందులో ఫుస్తాత్ నగరం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎత్తయిన మేడలు, వాటి మధ్య ఇరుకు వీధులు, వీధుల్లో పారవేసిన జంతు కళేబరాలు, స్నానశాలల కొలుముల నుండి లేచి సాయంవేళ ఊరి మీద కమ్ముకొనే పొగ. ఒక దేశపు గాలి అంతా ఒక్కటి కాదనీ, ఒకే నగరంలో ఒక్కొక్క పేటకు ఒక్కొక్క గాలి ఉంటుందనీ ఆయన వాదన. వెయ్యేళ్ళ కిందట ఇది సామాన్యమైన పరిశీలన కాదు. మరొక్క అడుగు వేసి ఉంటే, ఒకే ఇంట్లో వసారాలో కూర్చున్నవాని గాలి వేరు, పొయ్యి ముందు కూర్చున్న మనిషి గాలి వేరు అన్న చోటికి వచ్చేవాడు. రొట్టెల బట్టీ పక్కన పెరిగినవాడు కనుక ఆ అడుగు ఆయన వేయవలసింది.

వైద్యులు చెప్పినదాన్ని ఆచరణలో పెట్టించే బాధ్యత ముహ్తసిబ్‌ది. బజారులో తూనికలు, కొలతలు, పరిశుభ్రత తనిఖీ చేసే అధికారి ఆయన. 12వ శతాబ్దిలో సిరియాకు చెందిన అష్షైజరీ ఈ ఉద్యోగులకోసం రాసిన కరదీపికలో రొట్టెల దుకాణాల ప్రస్తావన ఉంది. కప్పు ఎత్తుగా ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి, పొగ పోవడానికి కప్పులో వెడల్పయిన గవాక్షాలు తీయించాలి, జనానికి బాధ కలుగకూడదు. పనిచేసే చోట గాలి వెలుతురుల గురించి ప్రభుత్వోద్యోగికి ఇంత సూటిగా విధించిన పాత నియమాలు అరుదు. వేడి గాలి పైకి లేస్తుంది. పైన దారి ఉంటే అదే పోతుంది, కింద తెరిచిన తలుపు గుండా చల్లని గాలి దాని స్థానంలోకి వస్తుంది. ఎత్తయిన కప్పు, తెరిచిన తలుపు, పైన గవాక్షం - ఈ మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. ఒక్కటి తప్పినా తక్కిన రెండూ దండగే. అష్షైజరీ ఈ మూడింటినీ ఒకే చోట చెప్పడం గమనార్హం.

ధర్మశాస్త్రంలో ఈ సమస్య మరో దారిలో వచ్చింది. ఒకరికొకరు హాని చేయరాదన్న సుప్రసిద్ధ హదీసు సూత్రాన్ని మాలికీ న్యాయవేత్తలు ఇరుగుపొరుగు తగాదాలకు అన్వయించారు. 14వ శతాబ్ది తొలినాళ్ళలో ట్యూనిస్ నగరంలో ఖాజీ న్యాయస్థానానికి నిర్మాణ నిపుణుడుగా సేవ చేసిన ఇబ్నుర్రామీ స్వయంగా మేస్త్రీ. గోడలు, కిటికీలు, మురుగు కాలువలు, పొగ - వీటిపై వచ్చిన తగాదాలను, తీర్పులను కూర్చి ఆయన గ్రంథం రాశాడు. పొగను రెండు రకాలుగా విభజించాడు. స్నానశాలల పొగ, బట్టీల పొగ వంటిది పొరుగువారికి హాని చేస్తుంది గనుక నిషేధించదగినది. ఇళ్ళలో రొట్టెల పొయ్యి నుండి, వంటశాల నుండి వచ్చే పొగ అలాంటిది కాదు. అది లేకుండా జీవనం సాగదు గనుక సహించవలసిందే.

ఈ విభజన న్యాయమైనదే. వంట మానుకోమని ఏ ఖాజీ మాత్రం ఎలా ఆజ్ఞాపించగలడు? కాని దావా ఎవరు వేశారో చూడాలి. గోడకు అవతల ఉన్న పొరుగువాడు వేశాడు. గోడకు ఇవతల, పొగ పుట్టే చోటనే కూర్చుని ఊదుగొట్టం ఊదుతున్న మనిషికి ఎవరి మీద దావా ఉంటుంది? సహించవలసిన పొగ అని శాస్త్రం వదిలివేసినది సరిగ్గా ఆమె రోజూ పీల్చే పొగ. హాని అన్న సూత్రంలో ఆమెకు చోటు లేదని ఎవరూ అనలేదు. ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, అంతే.

ఇదే కథ పలాసలో వేరే వేషంలో కనిపిస్తుంది. బ్రెజిల్ నుండి 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు భారతదేశానికి తెచ్చిన చెట్టు ఉద్దానపు ఇసుక నేలల్లో స్థిరపడింది. పలాస-కాశీబుగ్గలో రెండు వందలకు పైబడి జీడిపప్పు పరిశ్రమలు వెలిశాయి. తెలుగువారు ఈ చెట్టుకు పెట్టిన పేరు ఆలోచించదగినది. జీడి అంటే మొదట బట్టలకు గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి, చర్మానికి తగిలితే పొక్కులు లేపేది. మామిడి అందరికీ తెలిసినదే. వృక్షశాస్త్రం ప్రకారం మూడూ ఒకే కుటుంబం. జీడిపిక్క పెంకులోని నూనె కూడా నల్లజీడి రసంలాగే చర్మాన్ని కాలుస్తుంది. ఆ నూనెలో ప్రధానమైన అనకార్డిక్ ఆమ్లం వేడికి కార్డనాల్‌గా మారుతుంది.

పాత పద్ధతిలో పిక్కలను ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతూ కాల్చేవారు. పెంకులోని నూనె అంటుకొని దట్టమైన, ఘాటైన పొగ లేచేది. కళ్ళు, గొంతు మండించే ఆ పొగ ముందుగా తగిలేది డ్రమ్ము తిప్పేవానికి. తరువాత పిక్కలు కొట్టే స్త్రీలకు. వారి చేతులకు బూడిద, ఆముదం రక్షణ. పొట్టు తీసే గదుల్లో దుమ్ము సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే పొగ మీద ఫిర్యాదు లేచేది ఎక్కువగా ఎక్కడ? చుట్టుపక్కల ఇళ్ళలో. దానికి సహజంగా తోచే పరిష్కారం పొగగొట్టం ఎత్తు పెంచడం, లేదా బట్టీని ఊరికి దూరంగా జరపడం. రెండూ ఇబ్నుర్రామీ కాలపు తీర్పుల వంటివే. పొరుగువానికి మేలు చేస్తాయి, లోపలి మనిషిని ఉన్నచోటే ఉంచుతాయి.

చట్టం దృష్టి లోపలికి తిరగడం ఆధునిక కాలంలో జరిగిన సంగతి. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో గాలి ప్రసారాన్నీ, 14వ సెక్షన్‌లో దుమ్ము పొగలనూ ప్రస్తావించింది. దుమ్ము గాని పొగ గాని పుట్టే చోటికి వీలైనంత దగ్గరలోనే దాన్ని లాగివేసే ఏర్పాటు ఉండాలని విధించింది. 16వ సెక్షన్ కొత్త ఫ్యాక్టరీలలో ఒక్కొక్క కార్మికునికి కనీసం 14.2 ఘనమీటర్ల స్థలం నిర్ణయించింది. ఇక్కడ హాని పొందేవాడు పొరుగువాడు కాడు, కార్మికుడు. ‘పుట్టే చోటికి దగ్గరలో’ అన్న షరతులోనే కీలకమంతా ఉంది. గదికి అటు చివర తిరిగే పంకా పొగను కార్మికుని ముఖం మీదుగానే లాగుకుపోతుంది. డ్రమ్ము నోటిపైన అమర్చిన గొట్టం మనిషి దాకా రానివ్వదు. కాని విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది కార్మికులుంటేనే ఆ చట్టం వర్తించేది. ఇళ్ళకు తెచ్చుకొని పిక్కలు కొట్టే పని, పొట్టు తీసే పని దాని కంటికి కనిపించలేదు. గత రెండు మూడు దశాబ్దాలలో డ్రమ్ము స్థానంలో ఆవిరితో ఉడికించే పద్ధతి వ్యాపించడం వల్ల కలిగిన ఉపశమనం చట్టం వల్ల కలిగినదానికంటే ఎక్కువే. పెంకులనే బాయిలరు కింద ఇంధనంగా వాడినచోట మాత్రం ఆ పొగ మళ్ళీ వెనుక ద్వారం గుండా వస్తుంది.

వంటింటి విషయంలో తొలి గట్టి ప్రయత్నాలలో ఒకటి తెలుగునాట జరిగిందన్న సంగతి చాలామంది మరచారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు డైరెక్టరుగా పనిచేసిన డా. ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల, పొగగొట్టం గల పొయ్యిని రూపొందించి, 1953లో మద్రాసు నుండి దానిపై చిన్న పుస్తకం ప్రచురించాడు. ఒకే మంటపై రెండు మూడు కుండలు పెట్టుకోవచ్చు, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. 1980లలో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా చేపట్టిన మెరుగుపరచిన పొయ్యిల కార్యక్రమానికి ఇటువంటి ప్రయత్నాలే పునాది. కాని తాటాకు కప్పులోంచి వేడి గొట్టం పైకి తీయాలంటే నిప్పు భయం. గొట్టం చుట్టూ వాన కారుతుంది. మసి పేరుకొంటే ఊడ్చేవారుండరు. పెంకుటిల్లు, డాబా దృష్టిలో పెట్టుకొన్న పొయ్యి చుట్టింటికి ఒదగలేదు. తప్పు పొయ్యిది కాదు, ఇంటిదీ కాదు. రెండింటినీ కలిపి ఎవరూ ఆలోచించలేదు.

1981లో కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ గ్రామాల్లో వంట చేస్తున్న స్త్రీలు పీల్చే గాలినే కొలిచింది. పరికరాన్ని ఊరి నడుమ కాక మనిషి దగ్గర పెట్టడం అందులోని విశేషం. ఇబ్ను రిద్వాన్ వేయని అడుగు ఇదే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 నాటి ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిని పేద ఇళ్ళకు చేర్చాయి. ఇది పెద్ద మార్పు. కాని తోటలో మట్టలు ఊరికే దొరుకుతుంటే సిలిండరు టీకి, పండుగకు మిగిలి, పప్పు, వేన్నీళ్ళు కట్టెల పొయ్యికే పోతాయి. పొయ్యి మారినంత మాత్రాన గాలి మారదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు సుమారు 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇటువంటి తుపాను తరువాత ఎవరైనా కాంక్రీటు ఇల్లే కోరుకుంటారు. అందులో పొరపాటు లేదు. అయితే తాటాకు కప్పు పొగను కొంతైనా వడకట్టి పంపేది, కాంక్రీటు కప్పు చుక్క పొగను కూడా వదలదు. దొంగల భయం, తుపాను భయం కలిసి కిటికీని చిన్నది చేస్తే, కొత్త ఇల్లు చుట్టింటి దోషాన్ని ఉంచుకొని దాని గుణాన్ని పోగొట్టుకొన్నట్టు అవుతుంది.

ఇక్కడ కైరో ఇళ్ళ మల్‌ఖఫ్ ప్రస్తావన అవసరం. కప్పు మీద గాలికి ఎదురుగా నోరు తెరిచి, గాలిని గది లోపలికి దింపే ఈ గూడును 13వ శతాబ్ది తొలినాళ్ళలో ఈజిప్టును వర్ణించిన అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ పేర్కొన్నాడు. 1940లలో వాస్తుశిల్పి హసన్ ఫత్హీ న్యూ గుర్నా గ్రామంలో దాన్ని తిరిగి వాడాడు. సింధులోని మరో హైదరాబాదు కూడా ఒకప్పుడు ఇటువంటి గూళ్ళకు ప్రసిద్ధి. కైరోలో అది ఉత్తరానికి చూస్తుంది, ఎందుకంటే అక్కడ చల్లగాలి అటునుంచే వస్తుంది. భావనపాడులో పగలు గాలి సముద్రం నుండి, రాత్రి నేల నుండి వీస్తుంది. వేసవి సాయంత్రాల్లో దక్షిణం నుండి పైరగాలి వస్తుంది. కైరో గూడును తెచ్చి ఇక్కడ నిలబెడితే మొదటి తుపానుకే కప్పుతోసహా పోతుంది. ఇక్కడ తీసుకోదగినది ఆకారం కాదు, విడదీసే తెలివి: ఊపిరికి కావలసిన గాలిదారి ఒకటి, తుపానును ఆపే గోడ ఒకటి. వంటగదిలో పొయ్యికి సరిగ్గా పైన, కప్పుకు ఆనుకొని, సముద్రానికి ఎదురు కాని గోడలో జానెడు వెడల్పు గవాక్షం. నేలకు దగ్గరగా రెండో గోడలో మరొకటి. రెండింటికీ గట్టి చెక్క తలుపులు. తుపాను హెచ్చరిక వచ్చిననాడు మూయవచ్చు. తక్కిన రోజులన్నీ తెరిచే ఉంచవచ్చు.