ఏటి పక్కన 150 గజాలు

పోయిన వేసవిలో ఆవకాయకి ముక్కలు తుడుస్తూ కూర్చున్నాం, నేనూ మా అత్తగారూ. మా అమ్మాయి ఫోన్ చేసింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాను.

"అమ్మా, ఏలూరులో స్థలం దొరికింది. 150 గజాలు. ఊళ్ళో రేటుకి సగమే. నిన్ననే లక్ష బయానా ఇచ్చాం. పక్కనే ఏదో పెద్ద కాలువ ఉంది కానీ ఎండిపోయిందిలే. గాలి బాగా వస్తుంది."

జాడీ తుడుస్తున్న మా అత్తగారి చెయ్యి ఆగిపోయింది. "కాలువ కాదే పిచ్చిదానా, అది తమ్మిలేరు. ఎండిపోలేదు, నిద్రపోతోంది" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు ఏలూరు. చిన్నప్పుడు ముసురు పట్టిందంటే ఇంట్లో మగవాళ్ళు ముందు చేసే పని బియ్యం బస్తాలు అటకెక్కించడమేనట. నేను కాపురానికొచ్చి 28 ఏళ్ళు. మా చింతలపూడి మండలంలోనే నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరు ప్రాజెక్టు ఉంది. కార్తీకమాసంలో పులిహోర కట్టుకుని పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ చూసిన నీళ్ళే ఏలూరు వీధుల్లోకి వెళతాయని నాకెప్పుడూ తట్టలేదు. ఆ రోజు నుంచీ ఈ ఏటి సంగతి అడిగి, చదివి, తిరిగి తెలుసుకున్నాను.

తమ్మిలేరు పుట్టేది తెలంగాణలో, ఖమ్మం జిల్లా వైపు. గోదావరిలా దూరపు కనుమల నుంచి వచ్చేది కాదు, పూర్తిగా వానమీద బతికే ఏరు. ఎండాకాలం ఇసుకే. పూర్వం ఆడవాళ్ళు ఆ ఇసుకలో చెలమలు తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, ముంతతో బిందెల్లోకి తోడుకునేవాళ్ళు. మా మెట్టలో మామిడితోటలకీ పామాయిల్ తోటలకీ ఇప్పుడు ఆధారం బోరుబావులు. ఏటిలో ఇసుక ఉంటేనే నీళ్ళు నిదానంగా భూమిలోకి ఇంకుతాయి. ఆ ఇసుకని బళ్ళమీదా, ట్రాక్టర్లమీదా ఇళ్ళు కట్టడానికి తోలేసుకున్నాం. మా ఇంటి శ్లాబులోనూ ఆ ఇసుక ఉండే ఉంటుంది. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అంటే ఇదే కదా!

ప్రాజెక్టు నిండు మట్టం 355 అడుగులు. సుమారు మూడు టీఎంసీల నీళ్ళు పడతాయి. మాకు అది పంటల చెరువు లాంటిది. కానీ పైన ఖమ్మం వైపు గట్టి వాన కురిసి, అప్పటికే చెరువు నిండుగా ఉంటే గేట్లు ఎత్తక తప్పదు. అంటే మాకిక్కడ ఎండ కాస్తున్నా, వదిలిన నీళ్ళు కొన్ని గంటల్లో ఏలూరు చేరతాయి. ఏలూరు వాళ్ళు తమ ఆకాశం చూసుకుంటే సరిపోదు, మా ఆకాశం కూడా చూసుకోవాలి.

దారిలో బలివే ఉంది. శివరాత్రికి తమ్మిలేరులో స్నానం చేసి రామలింగేశ్వరస్వామిని దర్శించుకోవడానికి వేలమంది వస్తారు. బలివే ఒక దరిన, విజయరాయి రెండో దరిన. 1925లో కృష్ణా జిల్లాను విడగొట్టి ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరి జిల్లా చేశాక ఆ దరి కృష్ణా, ఈ దరి పశ్చిమగోదావరి అయ్యాయి. మధ్యలో ఏరు సరిహద్దు. దాదాపు నూరేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్ 4న, నూజివీడుతో సహా రెండు దరులూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. జిల్లాలు మారాయి గానీ ఏరు తన దారి మార్చుకోలేదు.

ఏలూరు చేరగానే తమ్మిలేరు రెండు పాయలుగా చీలి, ఊరిని చెరో పక్కనుంచీ చుట్టి, దక్షిణాన కొల్లేటిలో కలుస్తుంది. ఏరున్న ఊరు కాబట్టే ఏలూరు అయిందని మా అత్తగారి వాదన. పండితులు హేలాపురి అంటారు. పేరు మాట ఎలా ఉన్నా, పాతకాలం వాళ్ళు ఊరిని మధ్యలో పెట్టుకుని పాయల్ని వాటి మానాన వదిలేశారన్నది నిజం. దగ్గర్లోని పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన గడ్డ. వాళ్ళకీ ఈ ఏరు తెలుసు.

చిక్కంతా తర్వాత వచ్చింది. 19వ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక గోదావరి నుంచి ఒక కాలువ, కృష్ణ నుంచి ఒక కాలువ వచ్చి ఏలూరులో కలిశాయి. పడవల మీద సరుకులు నడిచాయి, డెల్టా పచ్చబడింది. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలు కట్ట పడింది. ఆ తర్వాత పెద్ద రోడ్డు. ఇవన్నీ అటూ ఇటూ అడ్డంగా వెళ్ళేవి. ఏరేమో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేది. ప్రతి కట్టా ఏటికి ఒక అడ్డుగోడే. వంతెన కింద వదిలిన సందులోంచే అంత నీరూ పోవాలి. మన వంటింటి తూములో అన్నం మెతుకులు అడ్డం పడితే ఏమవుతుందో అదే, ఊరంత మోతాదులో.

ఇక కింద కొల్లేరు. తమ్మిలేరూ, బెజవాడ బుడమేరూ, ఇంకా ఎన్నో వాగులూ అందులోకే చేరతాయి. బయటికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. చేపల చెరువుల గట్లు సరస్సును కోసేశాయి. 2006లో చాలా గట్లు కొట్టేశారు. అయినా కొల్లేరు నిండిందంటే పైనుంచి వచ్చే ఏరు దిగలేక వెనక్కి తంతుంది. శనివారపుపేట కాజ్‌వే మునగడం ఏలూరు వాళ్ళకి కొత్త కాదు. 2020 అక్టోబరులో కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండటం మనమంతా టీవీల్లో చూశాం. అక్కడా జనం కొనుక్కున్నది "ఎండిపోయిన కాలువ" పక్క స్థలాలే.

ఆషాఢంలో నేనూ మా అమ్మాయీ ఆ స్థలం చూడ్డానికి వెళ్ళాం. పక్క వీధిలో ఒకావిడ గుమ్మంలో పప్పు చెరుగుతోంది. నీళ్ళొస్తాయా అని అడిగాను. మాట్లాడకుండా చేట పక్కన పెట్టి, కిటికీ కింద గోడమీద మట్టిచార వేలితో చూపించింది. సున్నం వేసినా అది కనిపిస్తూనే ఉంది. "మాకు వేరే చోట కొనే తాహతు లేదమ్మా. మీకుంటే వద్దు" అంది.

అమ్మిన ఆయన బయానా తిరిగి ఇవ్వనన్నాడు. లక్ష రూపాయలు! మా అమ్మాయి గొలుసు అమ్మి ఇచ్చిన డబ్బు. మా వారు ఒక ఉపాయం చెప్పారు. అగ్రిమెంటు వేరేవాళ్ళకి మార్చేస్తే మన డబ్బు మనకొస్తుందని. పార్టీ కూడా దొరికాడు, మాలాంటి వాళ్ళే, చిన్నపిల్లలున్నవాళ్ళు.

మా అత్తగారు అన్నం ముందు కూర్చుని అన్నారు: "మనకి పనికిరాదని తెలిసింది ఇంకొకళ్ళ పిల్లలకి అంటగడతామా?"

ఎవరూ మాట్లాడలేదు. లక్షా పోయింది. మా అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఆ స్థలం వేరే ఎవరికో అమ్ముడుపోయే ఉంటుంది. అది తలుచుకుంటే మనసు బరువే.

మీలో ఎవరైనా ఇంటిస్థలం కొంటుంటే వాస్తుతో పాటు ఈ రెండూ చూడండి. ఎండలో ఒకసారి, ముసురులో ఒకసారి వెళ్ళండి. పక్కనున్నది కాలువా, ఏరా అని ఆ వీధి పెద్దావిణ్ణి అడగండి. పత్రాల్లో లేని సంగతి ఆవిడ గోడ మీద ఉంటుంది.

మొన్న ప్రాజెక్టు గేట్లు ఎత్తారని తెలియగానే మా అత్తగారు ఫోన్ అందుకుని మనవరాలికి చెప్పారు, "ఆ పప్పు చెరిగినావిడ ఎలా ఉందో ఒకసారి చూసిరావే" అని.