‘సీ’ డ్రైవ్ ఎక్కడి నుంచి వచ్చింది?

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వైపు చాలా ఇళ్లలో మొదటి కంప్యూటర్ డబ్బాలో ప్యాక్ అయి వచ్చింది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి, అదే అందరూ సీటీసీ అనే చోటు నుంచి, విడిభాగాలు తెప్పించి స్థానిక షాపులో బిగించింది. బిగించిన పిల్లవాడు హార్డ్ డిస్కును మూడు భాగాలు చేసి ఇచ్చేవాడు: ‘సీ’లో విండోస్, ‘డీ’లో సినిమాలు, ‘ఈ’లో పాటలు. దుబాయిలో ఉన్న కొడుకు పంపిన ఫొటోలు, బిడ్డ పెళ్లి వీడియో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చేరేవి. లెక్క ‘సీ’ నుంచే ఎందుకు మొదలవుతుందని అడిగినవాళ్లు తక్కువ.

డిస్కులకు అక్షరాలు పెట్టడం 1960లలో ఐబీఎం పెద్ద యంత్రాలపై నడిచిన సీపీ/సీఎంఎస్ నాటి పద్ధతి. 1974లో అమెరికాలో గ్యారీ కిల్డాల్ ఇంటెల్ 8080 చిప్ కోసం రాసిన సీపీ/ఎంలో అది చిన్న కంప్యూటర్లకు దిగింది. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ పాటర్సన్ తన 86-డాస్‌ను సీపీ/ఎం వరుసలోనే రాశాడు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసి, 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి అందించింది.

ఆ పీసీలో హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీలే. ఒక్కో దాంట్లో పట్టేది 160 కిలోబైట్లు. మొదటి ఫ్లాపీ డ్రైవ్ ‘ఏ’, రెండోది ‘బీ’. ఒక్కటే డ్రైవ్ ఉన్నా డాస్ దాన్నే వంతులవారీగా ఏ అనీ బీ అనీ పిలిచి, ఫ్లాపీ మార్చమని తెరపై అడిగేది. అలా రెండు అక్షరాలూ ఫ్లాపీల పాలయ్యాయి. 1983 మార్చిలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చేసరికి మిగిలింది ‘సీ’. పాత ఫ్లాపీలు 60కి పైగా పట్టే జాగా అది. ఇక ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో చాలామంది విండోస్ అంటే ‘సీ’లోనే ఉంటుందన్న ధీమాతో ఫైళ్ల దారులు రాసుకుంటూ పోయారు. ఫ్లాపీలు పోయినా ‘సీ’ కదలకపోవడానికి అసలు కారణం ఈ ధీమానే.

తంటా వచ్చేదీ ఇక్కడే. విండోస్ 2000 నుంచి ఏ భాగానికి ఏ అక్షరమో విండోస్ తన రిజిస్ట్రీలో రాసి పెట్టుకుంటుంది. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కయితే ఆ రాత మొత్తం 12 బైట్లు: డిస్కు సంతకానికి 4, ఆ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి 8. అంటే అక్షరం డిస్కు మీద లేదు, విండోస్ జ్ఞాపకంలో ఉంది. పాత హార్డ్ డిస్కును కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి, రెండింటినీ తగిలించే ఆన్ చేస్తే, ‘సీ’ పాత డిస్కుకే పోయి విండోస్ నడుస్తున్న కొత్త భాగానికి ‘డీ’ దక్కవచ్చు. అప్పుడు లాగిన్ కాగానే మళ్లీ లాగిన్ తెరే వస్తుంది, లేదా సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. చాలాసార్లు దానికి దొరికే మందు ఫార్మాట్. డిస్కు బాగానే ఉండగా ఆ ఇంటి ఫొటోలు పోవడం నిజంగా బాధాకరం.

మరమ్మతుకు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: విండోస్ ఎక్కించిన రోజున ఏ అక్షరం ఉంది? ఎక్స్‌పీ కాలంలో కార్డ్ రీడర్ తగిలించి ఉండగా విండోస్ ఎక్కిస్తే, దాని స్లాట్లు ముందున్న అక్షరాలు పట్టేసి విండోస్‌కు ‘హెచ్’ లాంటిది మిగిలేది. అలా పుట్టిన విండోస్‌లో దారులన్నీ ‘హెచ్’తోనే ఉంటాయి, దాన్ని ‘సీ’ చేయబోతే ఉన్నదీ ఆగిపోతుంది. దాన్ని అలాగే వాడుకోవాలి, లేదా ఫైళ్లు బయటికి తీసి, కార్డ్ రీడర్ ఊడదీసి, కొత్తగా ఎక్కించుకోవాలి.

మొదట ‘సీ’గా ఉండి మధ్యలో మారినదైతే తిప్పుకోవచ్చు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ మాత్రం విండోస్ నడుస్తున్న భాగం అక్షరాన్ని మార్చనివ్వదు. ముందు ఫైళ్లకు, రిజిస్ట్రీకి కాపీ తీసుకుని రిజిస్ట్రీని దిద్దే రెజెడిట్ తెరవాలి. లోకల్ మెషీన్ కింద సిస్టమ్, అందులో మౌంటెడ్ డివైసెస్. అక్కడ డాస్ డివైసెస్ అని మొదలై అక్షరంతో ముగిసే పేర్లుంటాయి. ‘సీ’ పేరును వాడుకలో లేని ‘జెడ్’గా, విండోస్ నడుస్తున్న ‘డీ’ని ‘సీ’గా, ఆ ‘జెడ్’ను ‘డీ’గా మార్చి రీస్టార్ట్ చేయాలి. పేర్లే మార్చాలి, పక్కనున్న బైట్ల జోలికి పోకూడదు.

లాగిన్ కూడా కాని కంప్యూటర్‌కు విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే రిజిస్ట్రీని బయటి నుంచి తెరిచే వీలుంది. అయితే ఆ పెన్‌డ్రైవ్ విండోస్ తన లెక్కలో తాను అక్షరాలు వేసుకుంటుంది. కంప్యూటర్‌లోని విండోస్‌కు ‘సీ’గా ఉన్నది అక్కడ ‘డీ’గా కనిపించడం మామూలే. అది చూసి అక్షరం మారిపోయిందనుకోనక్కర్లేదు. లోపల విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఉన్నదే అసలు భాగం.